ఫ్రిజ్ మారుస్తున్నారా? మందుల సీసానూ గుర్తుపెట్టుకోండి!

బిళ్లలు వేసుకుంటున్నారా, నడుస్తున్నారా, అన్నం తగ్గించారా అని షుగర్ రోగులను రోజూ అడుగుతుంటాను. ‘మీ ఇంట్లో ఫ్రిజ్ ఎలా ఉంది?’ అని మాత్రం చాలా ఏళ్ల పాటు ఒక్కరినీ అడగలేదు. ఆ ప్రశ్న నాకు నేర్పింది మా అమ్మ.

అమ్మకు డెబ్భై దాటాయి. ఉదయం, రాత్రి పాలరంగులో ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఒక వేసవిలో ఉన్నట్టుండి పరగడుపు షుగర్ 140 నుంచి 220కి, తర్వాత 260కి ఎక్కింది. మాది మైలవరం. చుట్టూ మామిడి తోటలే. మే నెలలో ఏ ఇంట్లో చూసినా పళ్ల బుట్ట ఉంటుంది. నాకు వెంటనే వచ్చిన అనుమానం అదే. ‘చాటుగా పండు తింటున్నావు కదూ?’ అని గదమాయించాను. ‘లేదు నాన్నా, టెంక కూడా చీకలేదు’ అంది. నమ్మలేదు. డోసు పెంచాను. వారం ఆగి మళ్లీ పెంచాను. రాత్రి 10 యూనిట్లు కాస్తా 16 అయింది.

అదే సమయంలో మా పదమూడేళ్ల నాటి ఫ్రిజ్‌లో కొత్తిమీర గడ్డకట్టేది. పై అరలో పాల ప్యాకెట్ రాయిలా అయ్యేది. ‘పాతదైనా కూలింగ్ బాగా ఇస్తోంది’ అని మురిసిపోయాం. అసలు సంగతేమిటంటే, దాని థర్మోస్టాట్ పాడై కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. అమ్మ ఇన్సులిన్ సీసా ఉండేది సరిగ్గా ఫ్రీజర్ కింది అరలోనే. రాత్రుళ్లు అది గడ్డకట్టేది. పొద్దున తలుపు తీసి మూస్తుంటే కరిగేది. గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా పనికిరాదు.

కొన్నాళ్లకు ఆ కంప్రెసర్ పూర్తిగా పోయింది. కొత్త ఫ్రిజ్ కొన్నాం, కొత్త సీసా తెచ్చాం. డోసు మాత్రం పెంచినదే. రెండో రోజు తెల్లవారుజామున అమ్మ ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. పరీక్షిస్తే షుగర్ 52! పంచదార నీళ్లు తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసేసరికి 90కి వచ్చింది. తేరుకున్నాక అమ్మ అన్నది ఒక్కటే మాట: ‘నేను తినలేదని చెప్పానుగా.’

అందుకే ఈ వారం మందుల గురించి కాకుండా, మందునూ అన్నాన్నీ కాపాడే పెట్టె గురించి చెబుతున్నాను.

చల్లగా ఉంటే చాలదు

ఫ్రిజ్ లోపల 2 నుంచి 5 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. రోహిణి కార్తెలో మన వంటిల్లు 40 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అంటే వాటికి అంతకన్నా అనువైన చోటు లేదు.

ఆదివారం వండిన కోడికూర, మిగిలిన అన్నం, చేపల పులుసు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఫ్రిజ్ 12 డిగ్రీల దగ్గర ఆగిపోతే లోపల పెట్టామన్న ధైర్యమే తప్ప రక్షణ ఉండదు. ‘మళ్లీ బాగా మరిగించాం కదా డాక్టరుగారూ’ అంటారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. కానీ మిగిలిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్, చేతుల నుంచి కూరల్లోకి చేరే స్టెఫైలోకాకస్ వదిలే కొన్ని విషాలు మరిగించినా పోవు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పెద్దలు రెండు రోజుల్లో కోలుకుంటారు. పసిపిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ముసలివాళ్లు అంత తేలిగ్గా తేరుకోలేరు.

ఇన్సులిన్‌కు లెక్క ఇంకా కచ్చితం. తెరవని సీసాలు, పెన్నులు 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసాను 30 డిగ్రీలు దాటని చోట సాధారణంగా నాలుగు వారాల వరకు బయట ఉంచుకోవచ్చు. కచ్చితమైన గడువు పెట్టె మీద ఉంటుంది. మన వేసవిలో 30 డిగ్రీలు దాటని చోటు ఇంట్లో దొరకదు కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి అవుతోంది.

మార్చాలా, బాగు చేయించాలా?

తేల్చుకోవడానికి నూటయాభై, రెండు వందల రూపాయల థర్మామీటరు చాలు. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని ఉంచి ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. రాత్రంతా తలుపు తీయకుండా పొద్దున్నే చూడండి. మూడు రోజులు చూస్తే ఫ్రిజ్ ఆరోగ్యం తెలిసిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు ఉంచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ల ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాస్తారు. ఇంట్లో వారానికోసారి చూసినా చాలు.

• తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూయండి. లాగితే జారి వచ్చేస్తుంటే రబ్బరు గాస్కెట్ వదులైనట్టే. ఇది చిన్న ఖర్చు, మార్పించండి.

• థర్మోస్టాట్, రిలే, లోపలి బల్బు లాంటివి పోతే బాగు చేయించడమే మేలు. మా ఇంట్లో కొత్తిమీర గడ్డకట్టిన మొదటి వారమే మెకానిక్‌ను పిలిచి ఉంటే ఆ ఫ్రిజ్ ఇంకొన్నాళ్లు పనిచేసేదేమో.

• గ్యాస్ ఎక్కించిన కొద్ది నెలలకే మళ్లీ కూలింగ్ తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టు. గ్యాస్ దానంతటది అరిగిపోదు. లీకు కనిపెట్టకుండా ఎక్కించుకుంటూ పోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

• పదేళ్లు దాటిన ఫ్రిజ్‌కు కంప్రెసర్ పోతే కొత్తది కొనడమే లాభం.

• ముట్టుకుంటే జిల్లుమని షాక్ కొడుతుంటే ఆ క్షణమే స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. చెప్పులేసుకుని ముట్టుకోవడం పరిష్కారం కాదు.

వరద నీళ్లు తాగిన ఫ్రిజ్

2024 సెప్టెంబరు మొదట్లో మన వైపు కొండల నుంచి దిగే బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలను ముంచేసింది. ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్‌లు నీళ్లలో తేలాయి. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బులో ఫ్రిజ్‌కు ఎంత, మంచానికి ఎంత అని లెక్కలు వేసుకోని కుటుంబం లేదు.

ఆరబెట్టి వాడుకోవచ్చా అంటే నా జవాబు: తినే పదార్థాలకు మాత్రం వద్దు. ఫ్రిజ్ గోడల మధ్య ఉండే ఫోమ్‌లోకి మురుగునీరు చేరితే దాన్ని శుభ్రం చేసే దారి లేదు. వైరింగ్‌లో తేమ మిగిలితే షాక్ ప్రమాదం వేరే. ఏదేమైనా మెకానిక్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. అందులో మునిగిన ఆహారం, మందులు సీలు ఊడకపోయినా పారేయండి.

షాపుకెళ్లే ముందు

తలుపు మీది పూలు, లోపలి రంగు దీపాలు చూసి ఎంచుకోకండి. ఈ ఆరు విషయాలు చూడండి.

సైజు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉంటే 200 నుంచి 250 లీటర్లు సరిపోతుంది. మరీ చిన్నదాన్ని కుక్కి నింపితే గాలి ఆడక కొన్నిచోట్ల చల్లదనం చేరదు.

రకం: సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు ఎక్కువగా డైరెక్ట్ కూల్. ధర, కరెంటు ఖర్చు తక్కువ. కానీ ఫ్రీజర్ కింద మరీ చల్లగా, అడుగున తక్కువ చల్లగా ఉంటుంది. పేరుకున్న ఐసును మనమే కరిగించాలి. ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్యాన్ చల్లగాలిని తిప్పుతుంది కాబట్టి అన్ని అరల్లో తేడా తక్కువ. మందులు ఎక్కువగా ఉంచే ఇంటికి, స్తోమత ఉంటే, నేను ఫ్రాస్ట్ ఫ్రీకే ఓటేస్తాను. దాంట్లో కూడా చల్లగాలి వచ్చే రంధ్రం ముందు ఇన్సులిన్ పెట్టకూడదు.

స్టార్లు: బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లేబుల్‌పై నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. అది చదవండి. సైజు వేరైతే ఒకే స్టార్లున్న రెండు ఫ్రిజ్‌ల యూనిట్లు కూడా వేరుగా ఉంటాయి. ఏడాదికి 80 యూనిట్లు మిగిలితే పదేళ్లలో 800 యూనిట్లు మిగిలినట్టు. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా చూడండి. ప్రమాణాలు మారుతుంటాయి కనుక పాత ఫైవ్ స్టార్, కొత్త ఫైవ్ స్టార్ ఒకటి కావు.

వోల్టేజీ: పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉన్నా, మన పల్లెల్లో సాయంత్రం దీపాలు గుడ్డిగా వెలగడం మామూలే. ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అని చెబితే ఎంత వోల్టేజీ నుంచి ఎంత వరకు అని అడిగి, కాగితం మీద చూడండి. మీ వీధిలో వోల్టేజీ అంతకన్నా పడిపోతుంటే స్టెబిలైజర్ కొనాల్సిందే. సమస్య తరచూ వస్తుంటే 1912కు ఫిర్యాదు చేయండి. ఇన్వర్టర్ కంప్రెసర్ అంటే బ్యాటరీ ఉన్నదని కొందరు పొరబడతారు. అది అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కంప్రెసర్. కరెంటు పోతే అదీ ఆగుతుంది.

వారంటీ, సర్వీసు: ‘పదేళ్ల వారంటీ’ తరచూ కంప్రెసర్‌కే. మొత్తం ఫ్రిజ్‌కు చాలావాటికి ఏడాదే. గ్యాస్, కూలి ఖర్చు అందులో ఉన్నాయా అని అడగండి. మెకానిక్ మీ ఊరికి వస్తాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు అనేది అన్నిటికన్నా ముఖ్యం. మీ వీధిలో అదే కంపెనీ ఫ్రిజ్ ఉన్న ఇంటివాళ్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

గ్యాస్: ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావరకు ఆర్-600ఎ అనే ఐసోబ్యూటేన్ ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేయదు. కానీ మండే గుణం ఉంది. పరిమాణం కొన్ని పదుల గ్రాములే కనుక వాడుకలో భయం లేదు. రిపేరు మాత్రం శిక్షణ ఉన్న మెకానిక్‌తోనే చేయించండి.

ఇంటికి వచ్చాక

గోడకు ఆనించకుండా కంపెనీ చెప్పినంత జాగా వదలండి. పొయ్యి పక్కన, ఎండ పడే చోట వద్దు. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించొద్దు. ఆటోలో పడుకోబెట్టి తెస్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ఆన్ చేయండి. ఖాళీ ఫ్రిజ్ 5 డిగ్రీల లోపుకు వచ్చిందని థర్మామీటరులో చూశాకే మందులు పెట్టండి.

ఇన్సులిన్‌ను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో మధ్య అరలో, ముందువైపు ఉంచండి. వెనక గోడకు తగలకూడదు. పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింద, మూత గిన్నెలోనే ఉండాలి. ఆవకాయకు ఫ్రిజ్ అక్కర్లేదు. ఉప్పు, కారం, పులుపు, నూనె దాన్ని కాచుకుంటాయి. ఆ జాగా పాలకు, పెరుగుకు ఇవ్వండి.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచితే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు తట్టుకుంటుంది.

పాతదాన్ని పెరట్లో పడేయకండి

పాత ఫ్రిజ్‌ను పెరట్లో, పశువుల కొట్టంలో వదిలేస్తుంటారు. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే తలుపు పడి ఊపిరాడక చనిపోతారు. ఇలాంటి మరణాల వల్లే అమెరికా 1956లో లోపలి నుంచి తెరుచుకునే తలుపులు ఉండాలని చట్టం చేసింది. కొత్తది ఇచ్చేవాళ్లకే ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి. మన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులకూ దాని బాధ్యత ఉంది. బండి వచ్చేవరకు ఇంట్లో ఉంచాల్సి వస్తే ముందు తలుపు ఊడదీయించండి.

ఫ్రిజ్ లేని ఇల్లయితే...

కొత్తది వచ్చేలోపు, లేదా కొనే స్తోమత లేకపోతే, వాడుతున్న ఇన్సులిన్‌కు మట్టికుండ అక్కరకొస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ ఉంచి, అందులో సీసాను మూత డబ్బాలో పెట్టండి. గాలి ఆడే నీడలో ఉంచి, ఇసుక ఆరకుండా నీళ్లు చల్లుతుండండి. బయటి ఎండకన్నా ఎన్నో డిగ్రీలు చల్లగా ఉంటుంది. నిల్వ సీసాలను మాత్రం ఫ్రిజ్ ఉన్న పక్కింట్లోనో, మందుల షాపులోనో ఉంచుకోండి.

డాక్టరుకు ఈ మాట చెప్పండి

ఇన్సులిన్ గడ్డకట్టిందని, ఎండకు గురైందని అనుమానం వస్తే చూడటానికి బాగానే ఉన్నా పారేయండి. స్వచ్ఛంగా ఉండాల్సినది మసకబారినా, పాలరంగుది చేతుల్లో దొర్లించాక కూడా ముక్కలుగా మిగిలినా వాడొద్దు. ఫ్రిజ్ చెడిన రోజుల్లో డోసు పెరిగి ఉంటే, కొత్త సీసా మొదలుపెట్టే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. డోసు మీరే మార్చుకోవద్దు. మొదటి వారం షుగర్ ఎక్కువసార్లు చూసుకోండి. చెమటలు, వణుకు, తడబాటు వస్తే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

షుగర్ కారణం లేకుండా పెరిగిన ప్రతి రోగినీ ఇప్పుడు ‘ఫ్రిజ్‌లో మందు ఏ అరలో పెడుతున్నారు?’ అని అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు ఆలోచించి, ‘ఐసు గడ్డ పక్కన సార్’ అంటారు. అమ్మ డోసు మళ్లీ పాత 10 యూనిట్లకు వచ్చింది. మొన్నటి మామిడి కాలంలో ఒక చిన్న ముక్క నేనే కోసి, షుగర్ చూసి, చేతికిచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్లను అనుమానించే ముందు ఒకసారి ఫ్రిజ్‌ను అనుమానించండి.

- రచయిత ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ; మైలవరం