ప్రేమ ఎక్కువైతే... కలబంద కుళ్లిపోతుంది!

దిష్టి తగలకూడదని గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందను చూసే ఉంటారు. దానికి మట్టి లేదు, నీళ్లు పోసే దిక్కూ లేదు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. అదే మొక్కను ముచ్చటపడి కొని తెచ్చి, కుండీలో పెట్టి, రోజూ చెంబుడు నీళ్లు పోస్తే... కొద్దివారాల్లోనే మెత్తబడి వాలిపోతుంది. కలబందను ఎక్కువగా చంపేది నిర్లక్ష్యం కాదు, అతి ప్రేమ!

ఎందుకలా? దీని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం. అక్కడి ఎండల్లో బతకాలంటే దొరికిన ప్రతి చుక్కనీ దాచుకోవాలి. అందుకే ఆకులనే నీటితొట్లుగా మార్చుకుంది. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరుస్తాయి. కలబంద మాత్రం చల్లబడ్డాక, రాత్రిపూట తెరుస్తుంది. దాంతో నీరు ఆవిరైపోవడం బాగా తగ్గుతుంది. ఇంత పొదుపరికి రోజూ నీళ్లు పోస్తే వేళ్లకు గాలాడక కుళ్లు పడుతుంది.

కుండీలో ఇలా...

అడుగున చిల్లులున్న మట్టికుండీ మేలు. ఎర్రమట్టి, ఇసుక సమానంగా కలిపి, గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే చాలు. మట్టిలోకి వేలు గుచ్చి చూడండి. రెండంగుళాల లోతు వరకూ పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. ఆకుల మధ్య సుడిలో నీళ్లు నిలవనివ్వకూడదు. ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపండి. ఉదయపు ఎండ చక్కగా సరిపోతుంది. మండుటెండలో ఆకులు ఎర్రబారితే కాస్త నీడకు మార్చండి. వెలుతురు చాలకపోతే పాలిపోయి వాలిపోతాయి. ఆకు ముక్క నాటితే సాధారణంగా కుళ్లిపోతుంది. మొదట్లో వచ్చే పిలకలను వేళ్లతో సహా వేరు చేసి, ఒకట్రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటితే సులువుగా బతుకుతాయి.

ఆ పసుపు రసంతో జాగ్రత్త!

ఆకు కోయగానే కారే పసుపు రసం, లోపలి తెల్లటి గుజ్జు ఒకటి కాదు. ఆ రసాన్ని ఎండబెడితే వచ్చేదే ముసాంబరం. అది ఘాటైన విరేచనకారి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో, డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లో దీని వాడకాన్ని ఆపేయించింది. ఇంట్లో మొక్కే కదా అని ఆకును తొక్కతో సహా మిక్సీలో వేసి తాగితే కడుపునొప్పి, విరేచనాలు తప్పకపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దీని జోలికే వెళ్లకూడదు. మధుమేహానికి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తాగొద్దు. కుక్కలు, పిల్లులు ఈ ఆకులు నమిలినా ప్రమాదమే.

పైపూతకైతే అడుగునున్న ముదురాకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పావుగంట నిలబెట్టండి. పసుపు రసం కారిపోయాక కడిగి, తొక్క తీసి గుజ్జు తీసుకోండి. ముందు మణికట్టు దగ్గర రాసి చూడండి. దురద పుడితే మానేయాలి. వంటింట్లో చెయ్యి చురుక్కుమంటే ముందు 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచాలి. గుజ్జు ఆ తర్వాతే, అదీ చర్మం ఊడని చిన్న గాయానికే. బొబ్బలెక్కినా, గాయం లోతైనా నేరుగా ఆసుపత్రికే.

గుమ్మానికి కట్టిన కలబంద దిష్టి సంగతెలా ఉన్నా, వచ్చిపోయేవారికి ఒక మాట గుర్తుచేస్తూనే ఉంటుంది... నీళ్ల చెంబు కాస్త పక్కన పెట్టమని!