కీడుకు ప్రతికీడు న్యాయమేనా?

ఈ దినమున ధ్యానించబోవు అంశం మనలో చాలామంది గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్నదే. నాకు అన్యాయం చేసినవానికి నేను తిరిగి అన్యాయం చేస్తే అది న్యాయమవుతుందా?

"కంటికి కన్ను అని బైబిలే చెప్పింది కదా" అని కొందరు అంటారు. నిజమే, నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఆ మాట ఉంది. అయితే అది ఎవరికి ఇచ్చిన ఆజ్ఞ? ద్వితీయోపదేశకాండము 19:18-21 చదవండి. న్యాయాధిపతులు బాగుగా విచారించి, నేరం రుజువైన తర్వాత తీర్పు తీర్చాలని అక్కడ ఉంది. అది దెబ్బ తిన్నవాని చేతికి ఇచ్చిన కత్తి కాదు, న్యాయపీఠానికి ఇచ్చిన కొలబద్ద. ఆదికాండము 4వ అధ్యాయంలో లెమెకు తనను గాయపరచినందుకు ఒక మనుష్యుని చంపి, డెబ్బది యేడంతల పగ గురించి గొప్పలు చెప్పుకున్నాడు. పగ స్వభావమే అంత. ఒక పన్ను ఊడితే పది పళ్లు రాలగొట్టాలంటుంది. అందుకే ధర్మశాస్త్రము దానికి హద్దు గీసింది: ఒకటికి ఒకటే, అంతకు మించవద్దు. మన ప్రభువు ఆ హద్దును ఇంకా ముందుకు తెచ్చి, పగనే విడిచిపెట్టమన్నాడు. లెమెకు పగను లెక్కపెట్టిన చోట, పేతురుకు క్షమాపణను లెక్కపెట్టి చూపాడు (మత్తయి 18:22).

పగ ఎక్కడ ఆగుతుందో మన ప్రాంతం చూసింది. 1999 ఏప్రిల్ 13న శాసనసభ మాజీ స్పీకర్ శ్రీపాదరావుగారిని నాటి కరీంనగర్ జిల్లాలో నక్సలైట్లు కాల్చి చంపారు. అదే సంవత్సరం డిసెంబర్ 2న అదే జిల్లా కొయ్యూరు అడవిలో పీపుల్స్‌వార్ అగ్రనాయకులు ముగ్గురు చనిపోయారు. అది ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకొని చంపారని పార్టీవారు అన్నారు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి మంత్రి మాధవరెడ్డిగారు మరణించారు. సరిగ్గా కొయ్యూరు ఘటన జరిగిన తేదీనే, 2000 డిసెంబర్ 2న, పీపుల్స్‌వార్ గెరిల్లా సైన్యాన్ని ప్రకటించింది. చూశారా! దుఃఖదినము సైన్యం పుట్టినదినమయింది. ఒక్కొక్కరు తమది న్యాయమైన జవాబే అనుకున్నారు. ఏ జవాబూ చివరిది కాలేదు. ఇటువైపైనా అటువైపైనా ఏడ్చింది మాత్రం తల్లులే.

పగకు గుడ్డితనం కూడా ఉంది. మన పల్లెల్లో పిల్లవానికి జ్వరం వస్తే, పశువు చస్తే, "బాణామతి చేశారు" అని పక్కింటి ముసలివారి మీద పడి కొట్టి చంపిన సంగతులు మీకు తెలుసు. అక్కడ నేరమే లేదు, విచారణా లేదు, శిక్ష మాత్రం ఉంది. తీర్పును పగకు అప్పగిస్తే నిర్దోషి చస్తాడు.

"అయితే పేదవాడు దెబ్బలు తిని నోరు మూసుకోవాలా?" అని మీరు అడగవచ్చు. ఇది అడగవలసిన ప్రశ్నే. క్షమించమని ఎప్పుడూ బలహీనునికే బోధించి, బలవంతుని ఏమీ అనకపోతే అది సువార్త కాదు. ప్రధానయాజకుని యెదుట ఒక బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు యేసు తిరిగి కొట్టలేదు, మౌనంగానూ ఉండలేదు. నేను తప్పు మాట్లాడితే రుజువు చూపు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు (యోహాను 18:22-23). పౌలు రోమా 12వ అధ్యాయంలో పగను దేవునికి విడిచిపెట్టమన్నాడు. వెంటనే 13వ అధ్యాయంలో, కీడు చేయువానిని శిక్షించుటకు అధికారులు దేవుని పరిచారకులని వ్రాశాడు. ఈ రెండు అధ్యాయాలను విడదీయకండి.

1999 జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌గారిని, ఇద్దరు చిన్న కుమారులను జీపులో సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్‌గారు హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పి, బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. ఆమె క్షమించినందున కేసు ఆగలేదు. ప్రధాన నిందితునికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. క్షమాపణ ఆమె హృదయపు పని, తీర్పు న్యాయస్థానం పని. ఒకటి మరొకదానికి అడ్డు రాలేదు.

కాబట్టి ప్రియులారా, గెట్టు పంచాయితీలో పాలివాడు మీ మోటారు వైరు కోసివేస్తే, రాత్రివేళ వెళ్లి అతని వైరు కోయకండి. పెద్దమనుషుల యెదుట మాట్లాడండి. అక్కడ న్యాయం దొరకకపోతే ఠాణాలో ఫిర్యాదు వ్రాసి ఇవ్వండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మీ ప్రాణం మీదికి వస్తే కాపాడుకొనుటకు చట్టం హక్కు ఇచ్చింది. కాని ఆపద గడిచిన తర్వాత వెంటపడి కొట్టుట ఆత్మరక్షణ కాదు, పగ. సంఘపెద్దలారా, దెబ్బ తిన్నవానికి ప్రార్థన మాత్రమే చేసి పంపివేయకండి. అతనితో కూడ ఠాణా దాకా నడవండి.

ప్రభువా, మా చేతుల్లోనుండి రాయిని తీసివేయుము. న్యాయం అడుగుటకు మా నోటికి ధైర్యమిమ్ము. మమ్మును బాధించినవారిని కూడ మార్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.