అల్లికయు తీరికయు

పనిలేనివాడు పిల్లి తల గొరిగెనని తెలుగువారి సామెత. పని యెట్లు చేయవలయునో నేర్పుటకు పాఠశాలలును, కర్మాగారములును పెక్కు కలవు. తీరిక నెట్లు గడపవలయునో నేర్పువారు మాత్రము అరుదు. అందువలన ననేకులు తీరిక కొరకు వారమంతయు ఎదురుచూతురు. అది లభించినంతనే ఏమి చేయుటకును తోచక దానిని పోగొట్టుకొందురు.

తీరిక ఊరక లభించిన వస్తువు కాదు. బొంబాయి నగరపు బట్టల మిల్లులలోని కార్మికులకు పూర్వము వారమున కొక దినమైనను నియతమైన సెలవు లేకుండెను. నారాయణ మేఘాజీ లోఖండే యను కార్మిక నాయకుడు ఏండ్ల తరబడి ప్రయత్నింపగా, 1890లో వారికి ఆదివారము సెలవుదినముగా లభించెను. ఒక తరమువారు పోరాడి సాధించిన దినమును తరువాతి తరమువారు ఆవులించుచు గడపుట తగునా?

తీరికవేళ ఇష్టముతో చేయు పనిని వ్యాసంగ మందురు. దానిని పోలిన మాటయే వ్యసనము. వినుటకు రెండును దగ్గరివే; పుట్టుకలో మాత్రము వేరు. వ్యాసంగమను మాటలో ‘సంజ్’ అను సంస్కృత ధాతువు కలదు. అంటియుండుట దాని యర్థము. వ్యసనమను మాటలో ‘అస్’ అను ధాతువు కలదు. విసరివేయుట దాని యర్థము. మనస్సును ఒక పనియందు నిలుపునది వ్యాసంగము. మనస్సును చెదరగొట్టి మనుష్యుని దారి తప్పించునది వ్యసనము. పూర్వులు వేట, జూదము, మద్యపానము మొదలగువానిని సప్తవ్యసనములలో చేర్చిరి. అవియు మొదట వినోదములుగనే తోచును గదా! వినోదము వ్యసనముగా మారు చోటును గుర్తించుట యెట్లు? ఇందులకు అల్లికపని మంచి యుదాహరణము.

మగ్గముపై నేసిన బట్టలో పడుగు, పేక యని రెండు విధముల పోగు లుండును. పడుగు నిలువుగను, పేక అడ్డముగను సాగును. అల్లిన బట్టలో పడుగును లేదు, పేకయును లేదు. ఒక్కటే నూలు ఉచ్చులు ఉచ్చులుగా వంగి, ఒక ఉచ్చు మరియొక ఉచ్చును పట్టుకొని బట్టయగును. అల్లువారు రెండు పొడవైన సూదులు తీసికొందురు. ఎడమచేతి సూదిపై ఉచ్చులు వరుసగా నుండును. కుడిచేతి సూదిని మొదటి ఉచ్చులో దూర్చి, సూదిపై నూలు చుట్టి, ఆ నూలును ఉచ్చుగుండ ఇవతలికి లాగినచో క్రొత్త ఉచ్చు ఏర్పడును. అంతట పాత ఉచ్చును ఎడమ సూదినుండి జార్చివేయుదురు. వరుస ముగియునప్పటికి ఉచ్చులన్నియు కుడి సూదిపైకి చేరును. సూదులు చేతులు మార్చుకొని తిరిగి మొదలుపెట్టవలయును. ఉచ్చును ముందునకు లాగుట, వెనుకకు లాగుట యని మూలమైన కుట్లు రెండే. ఎన్నో రకముల అల్లికలు ఈ రెండింటి కలయికనుండియే పుట్టుచున్నవి.

ఈ భేదమును విద్యార్థులు ఇంటియొద్దనే పరీక్షింపవచ్చును. బనియనును రెండుచేతులతో అడ్డముగా లాగినచో సాగును. వదలినచో తిరిగి ముడుచుకొనును. పలుచని తువ్వాలు అట్లు సాగదు. తువ్వాలు నేసిన బట్ట. బనియను యంత్రముపై అల్లిన బట్ట. లాగినప్పుడు వంపు తిరిగిన ఉచ్చులు చాచుకొనుటయే ఆ సాగుటకు కారణము. ఉచ్చు లొకదానిపై నొకటి ఆధారపడి యుండుటవలన ఒక కీడును కలదు. ఒక్క ఉచ్చు జారినచో దాని క్రింది ఉచ్చులును వరుసగా వీడిపోవును. అందుననే ఒక మేలును కలదు. తప్పు జరిగిన చోటివరకు విప్పి, అదే నూలుతో మరల అల్లుకొనవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో ఉన్నికి కొరత కలుగగా, ప్రజలు పాత స్వెట్టరులను విప్పి ఆ నూలుతోనే క్రొత్తవి అల్లుకొనిరి.

అల్లిక మిగుల ప్రాచీనమైన విద్య. మధ్యయుగముల నాటి ప్రత్తినూలు మేజోళ్లు ఈజిప్టు దేశమున లభించినవి. యూరపు నగరములలో కొంతకాలము అల్లిక పురుషులు సంఘములుగా నేర్పడి నడపిన వృత్తి. 1589లో ఇంగ్లండు దేశీయుడగు విలియం లీ మేజోళ్ల నల్లు యంత్రమును నిర్మించెను. అటుపిమ్మట యంత్రములు క్రమముగా అభివృద్ధి నొంది చేతి అల్లికను వెనుకకు నెట్టినవి. మన దేశమున తమిళనాటి తిరుప్పూరు పట్టణము యంత్రముపై అల్లిన వస్త్రములకు పేరెన్నిక గన్నది. అంగడిలో స్వెట్టరు సులభముగా దొరకునప్పుడు ఇంట కూర్చుండి నెలల తరబడి అల్లుట యెందులకని కొందరు ప్రశ్నింపవచ్చును. నిజమే, ధరను మాత్రమే చూచినచో అల్లువారికి లాభము లేదు. వారు పొందునది వేరు.

వారమంతయు ఉద్యోగము చేసి శనివారము సాయంకాలమున సూదులు చేపట్టినవారి నొకరిని తలచుకొనుడు. ఆ పనిని వారు స్వయముగా కోరుకొనిరి, ఎవరును నిర్బంధింపలేదు. ఇది మొదటి లక్షణము. ఆ పనికి ఒక ముగింపు కలదు. మేజోడు మడమ దాటి వ్రేళ్ల కొనను చేరగనే పూర్తియగును, చేతిలో ఫలము నిలుచును. ఇది రెండవ లక్షణము. ఎవరైన పిలిచినచో వరుస ముగించి సూదులను ప్రక్కన నుంచి లేవగలరు. సగము మేజోడు వారికొరకు వేచియుండును. ఇది మూడవ లక్షణము. స్వేచ్ఛ, ఫలము, నిగ్రహము అను ఈ మూడును గలది వ్యాసంగము.

మొదటి లక్షణము లోపించినచో ఏమగునో పశ్చిమగోదావరి జిల్లాలోని నరసాపురపు లేసు తెలియజేయును. ఒకే కొక్కెపు సూదితో సన్నని నూలును అల్లు ఈ పనిని పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు నేర్పిరి. కాలక్రమమున ఆ లేసు విదేశములకు ఎగుమతి కాజొచ్చెను. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీల జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇంటిపనులన్నియు చక్కబెట్టుకొని, అదిగాక దినమునకు పెక్కు గంటలు లేసు అల్లు స్త్రీలను లోకము పనివారుగా నెంచలేదనియు, గృహిణులు తీరికవేళ చేసికొను పని యను పేరుతో వారికి మిగుల తక్కువ కూలి ముట్టెననియు ఆమె నిరూపించెను. సూదియు నూలును వేరు కావు. ఒకచోట అది వినోదము, ఒకచోట అది బ్రతుకుతెరువు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. వస్తువునకు కలిగిన గౌరవము దానిని అల్లిన చేతికిని కలుగవలయును. కావున ఇతరుల శ్రమను ‘తీరికపని’ యని తేలికగా పలుకరాదు.

అల్లికకు మరియొక గుణము కలదు. అలవాటైన పిమ్మట చేతులు వానియంతట అవియే పనిచేయును. చెవియు మనస్సును ఖాళీగా నుండును. తెలుగు పల్లెలలో స్త్రీలు ప్రత్తితో వత్తులు చేయుచు పురాణము వినుట అందరెరిగినదే. ఆ పురాణశ్రవణమునకు ‘కాలక్షేపము’ అని పేరు. కాలము గడచుటయే గాక, వత్తులును సిద్ధమగును, కథయును మనస్సున నిలుచును. క్యూబా దేశపు చుట్టల కర్మాగారములలోను ఇట్టి యాచారమే 1865లో మొదలయ్యెను. కార్మికులు పొగాకు చుట్టుచుండగా ఒకడు ఎత్తైన పీఠముపై కూర్చుండి వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా చదివి వినిపించువాడు. ఆ చదువరికి కార్మికులే తమ కూలినుండి జీతమిచ్చిరి. చదువురాని వారికిని ఆ విధమున గొప్ప గ్రంథములతో పరిచయము కలిగెను.

తీరికవేళల విలువను మన గ్రంథాలయోద్యమమువారు బాగుగా నెరిగిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు అందులకు ముఖ్యులు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పడవ ప్రయాణికులకొరకు పడవ గ్రంథాలయము వెలసెను. కాలువలో పడవ మెల్లగా సాగుచుండగా ఊరక కూర్చుండు గంటలను వారు చదువుగంటలుగా మార్చిరి. పుస్తకమునకును మేజోడువలెనే ముగింపు కలదు. ప్రతి ప్రకరణము ముగియగానే పాఠకునకు ఒక క్షణము నిలుచు అవకాశము కలుగును: చదువుటయా, లేచుటయా యని యతడే నిర్ణయించుకొనును.

ఈనాడు తీరికవేళ పెక్కుమంది చేతికి వచ్చునది సూదియును కాదు, పుస్తకమును కాదు, సెల్‌ఫోను. దానివలన మేలు లేదనరాదు. నేర్పువారు లేని యూరిలోని బాలిక సహితము అంతర్జాలమున అల్లువారి చేతులను చూచి, తెలియని చోట దృశ్యమును నిలిపి, మరల మరల చూచి అల్లిక నేర్చుకొనగలదు. దొరకని గ్రంథములను చదువగలదు. దూరదేశమున అదే పని చేయువారి సలహాను పొందగలదు. అట్టియెడ సెల్‌ఫోనును ఒక సూదియే.

కాని అందు చాల పుటలకు అడుగు లేదు. వ్రేలితో పైకి త్రోసిన కొలదియు క్రింద క్రొత్త విషయము వచ్చుచునే యుండును. ఈ యేర్పాటును 2006లో రూపొందించిన వాడుగా పేరుపొందిన ఎజా రాస్కిన్ అను అమెరికా సాంకేతికుడు, తాను చేసినదానికి తరువాతి కాలమున బహిరంగముగా విచారము తెలిపెను. ముగింపు లేని పుట ‘ఇక చాలునా?’ యని చూచువానిని ఎన్నడును అడుగదు. అట్టి పుటలను నడపు సంస్థలలో పెక్కింటికి ప్రకటనలవలన ఆదాయము వచ్చును. జనులు ఎంతసేపు చూచిన వారికి అంత లాభము. అచ్చట అల్లువాడు వేరొకడు. చూచువాని కాలమే వానికి నూలు.

అట్లని దోషమంతయు సెల్‌ఫోనుదే యనుటయు న్యాయము కాదు. పరీక్షను మరచి తెల్లవార్లు నవల చదువు విద్యార్థికి పుస్తకమే వ్యసనము. అల్లువారిలోను కొందరు అల్లుటకంటె ఉన్ని కొనుటయందే ఆనందము పొంది, ఇంటినిండ ఉండలు పేర్చుకొందురు. దోషము వస్తువునందు లేదు. పట్టు ఎవరిదను ప్రశ్నయందు కలదు. నూలు చేతిలో నున్నదా, చేయి నూలులో చిక్కినదా యని చూచుకొనవలయును.

దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. శనివారము రాత్రి విద్యార్థులు ఒక కాగితముపై ఆ వారపు తీరికను లెక్కవ్రాసికొనవచ్చును. చేతులతో ఏమి చేసితిమి? ఏమి చదివితిమి? ఎంతసేపు తెర చూచితిమి? ప్రతిదానికెదురుగా మూడు ప్రశ్నలు వేసికొనవలయును: దానిని కోరి చేసితిమా? దానివలన ఏమి మిగిలెను? వలసినప్పుడు విడువగలిగితిమా? మూడింటికిని సరియైన జవాబు వచ్చినది వ్యాసంగము. రానిదానిని చూచి దిగులుపడ బనిలేదు. గడచిన గంటలు తిరిగి రావుగాని, అలవాటు అల్లికవంటిది. తప్పిన చోటివరకు విప్పి, మరుసటి వారమున మరల అల్లుకొనవచ్చును.