పూర్తయిన యంత్రం, పూర్తికాని దారి

1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి తాను తయారుచేసిన కొయ్యబండి ఎక్కాడు. ముందొక చక్రం, వెనకొక చక్రం. పెడల్ లేదు, చైన్ లేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. పోనూ రానూ సుమారు 14 కిలోమీటర్లు. గంట తిరిగేసరికి తిరిగొచ్చాడు. గుర్రం లేకుండానే గుర్రంబండి వేగం అందుకోవచ్చని ఆ రోజు తేలింది.

పెడల్ కోసం మరో 40 ఏళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 1860లలో పారిస్‌లో ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించారు. అక్కడే చిక్కొచ్చింది. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచాలి. పెంచగా పెంచగా 1870లలో అది మనిషి భుజం దాకా వచ్చింది. దారిలో రాయి తగిలితే చాలు, ఎక్కినవాడు తలకిందులుగా ముందుకు పడేవాడు. బండి దుడుకు కుర్రాళ్లకే పరిమితమైంది.

ఆ చిక్కును విడదీసింది చైన్. 1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిల్‌ను తెచ్చాడు. పెడళ్లను మధ్యకు జరిపి, కాలి బలాన్ని చైన్‌తో వెనక చక్రానికి అందించాడు. పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 48 పళ్లు, వెనక 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లకు పైగా తిరుగుతుంది. ఒక్క తొక్కుడుకు బండి దాదాపు 6 మీటర్లు సాగుతుంది. ఇక ఎత్తు చక్రంతో పనేముంది? 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ పొందాడు. కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికి చేసిన ప్రయత్నమది. దాంతో సైకిల్ రూపం స్థిరపడింది. నేటికీ మూలం అదే.

నడకలో అడుగడుగునా ఒంటి బరువును లేపి దించాలి. సైకిల్ మీద ఆ బరువు సీటు మోస్తుంది, చక్రం దొర్లిస్తుంది. అందుకే అదే దూరానికి నడకకయ్యే శక్తిలో సుమారు ఐదో వంతు చాలు. పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు, ఒంటికి వ్యాయామం.

ఈ యంత్రం మనుషుల్నీ మార్చింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. నీళ్లకు, పనికి, సంతకు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా వెళ్లగలిగారు.

అయితే యంత్రం ఉంటే చాలదు, దారి కూడా కావాలి. నెదర్లాండ్స్‌లో ఒకప్పుడు కార్లు సైకిళ్లను పక్కకు నెట్టేశాయి. రోడ్ల మీద పిల్లల ప్రాణాలు పోతుంటే 1970లలో తల్లిదండ్రులు వీధికెక్కారు. 1973 చమురు సంక్షోభమూ తోడైంది. ప్రభుత్వం విడిగా సైకిల్ దారులు వేసింది. నేడక్కడ జనం కంటే సైకిళ్లే ఎక్కువ.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. సంతోషమే. కానీ రోజూ తిరిగేది బడికి, కూరగాయలకు, మెట్రో స్టేషన్‌కు. అలాంటి దారి అక్కడ కావాలి. యంత్రం పని 19వ శతాబ్దంలోనే పూర్తయింది, దారి పని మన వంతు. రెండు మూడు కిలోమీటర్ల పనికి బైకు తాళం తీసేముందు ఒక్కసారి సైకిల్‌ను తలచుకోండి. మీ వార్డులో ఓటడగడానికి వచ్చినవారిని సైకిల్ దారి ఎప్పుడు వేస్తారో గట్టిగా అడగండి.