మన ఇంటి లెక్క

అక్కలారా! సర్కారు మనిషి ఇంటికొచ్చి, "బియ్యానికి ఎంతయింది? మందులకెంత?" అని అడిగి రాసుకుంటాడు. ఇదే జాతీయ నమూనా సర్వే. 1950లో మొదలయింది. అన్ని ఇళ్లకూ రారు. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూస్తాం కదా, అలాగన్నమాట.

లెక్క రాసేవాళ్లు ఏ పార్టీ వైపూ మొగ్గకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. రాసింది అందరికీ చూపాలి.

2017-18లో ఇంటి ఖర్చుల సర్వే చేశారు. లెక్కల్లో లోపాలున్నాయి, బయటపెట్టం అని 2019లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. లోపాలుంటే అవీ చెప్పి లెక్క చూపండి అని చాలామంది నిపుణులు అడిగారు. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. జవాబులు చెప్పింది మనమే కదా!

2022-23లో మళ్లీ సర్వే చేశారు. 2024లో ఆ లెక్క బయటపెట్టారు. దేశంలో పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలట. మీ ఇంట్లో ఎంతవుతుందో పలక మీద వేసి చూడండి.