పంటినొప్పియు, వైద్యుని భయమును



ఎద్దునకు నాడాలు కొట్టించుట మనమందరము చూచినదే. త్రాళ్లతో కాళ్లు బంధించి, నేల పడవేసి, సుత్తితో కొట్టుదురు. మేకు గిట్టకు తగులునే గాని మాంసమునకు తగులదు. అయినను మరుసటి సారి ఆ త్రాటిని చూచినంతనే యెద్దు వణకును. దానిని బెదరించినది మేకు కాదు. తనకేమి జరుగుచున్నదో తెలియకపోవుటయు, కదలుటకు వీలు లేకపోవుటయును. పంటి వైద్యుని కుర్చీలో కూర్చున్న మనుష్యుని స్థితియు నించుమించుగా నిట్టిదే.

వేములవాడ చుట్టుపట్ల గ్రామములలో తిరుగునప్పుడు, దవడకు గుడ్డ కట్టుకొని పొలము గట్టున కూర్చున్న రైతులను మేము పెక్కుమార్లు చూచితిమి. లవంగనూనె యొకరు, వాకుడు గింజల పొగ యొకరు పెట్టుచుందురు. దవాఖానాకు పోరాదా యని యడిగినచో "నాట్లు కానీయుండి" యందురు. భయమని మాత్ర మెవ్వరును చెప్పరు. వారిని తప్పుపట్టు నధికారము మాకు లేదు. మేమును రెండేండ్లట్లే గడిపితిమి. మొదట మేము పోయిన చోట నొక్క మాటయైన చెప్పక నోరు తెరువుమనిరి. నొప్పియని మూలిగిన కసరిరి. ఆ పిమ్మట దవడ వాచి, రాత్రులు నిద్ర లేక, ముద్ద మ్రింగలేనంతవరకు మరల నా గుమ్మము త్రొక్కలేదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొంటిమి.

రెండవ వైద్యుడు వేరు విధముగా నడచుకొనెను. పనిముట్లు చూపి, ఏది యెందులకో చెప్పెను. "నొప్పి తోచినచో ఎడమచేయి యెత్తుడు, నేను ఆపెదను" అనెను. మేము పరీక్షించుటకే యొకసారి చేయి యెత్తితిమి. ఆయన ఆపెను. అంతటితో మా భయము సగము తీరెను. ముందు చెప్పుట, పిదప చూపుట, ఆపైన చేయుట యను నీ పద్ధతిని 1959లో అమెరికా దంతవైద్యుడు అడెల్‌స్టన్ పిల్లల కొరకు వివరించెను. పెద్దలకును ఇదియే మందు.

మన భయములలో కొన్ని తాతల నాటివి. మత్తు లేకుండ పండ్లు పీకిన కాలముండెను. 1905లో నోవొకెయిన్ వాడుకలోనికి వచ్చెను. 1943లో స్వీడను దేశీయుడు లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయినును కనుగొనెను. నేడు చిగురునకు సూది వేసి, తిమ్మిరి యెక్కిన పిదపనే పన్ను తీయుదురు. లాగుచున్నట్లు తెలియును గాని కోసినట్లు నొప్పి యుండదు.

పైపన్ను తీయించినచో చూపు పోవునను మాట నిజము కాదు. పంటి నరము వేరు, చూపు నరము వేరు. వాకుడు పొగకు పురుగులు రాలుననుటయు భ్రమయే. పంటిని తొలుచునది పురుగు కాదు. తీపిని తిని సూక్ష్మజీవులు పుట్టించు ఆమ్లము.

ఇక మనము చేయవలసిన పనులు.

మొదటిసారి నొప్పి లేని దినమున, చూపించుకొనుటకే పొండు. వైద్యుడు కూర్చుండు దినమును ముందుగా విచారించుడు. వేములవాడలో సోమవారము యాత్రికుల రద్దీ మెండు. వేరొక దినమున ఉదయమే పోవుట మేలు.

ఒంటరిగా పోకుడు. రాజన్న గుడిలో కోడె మొక్కు చెల్లించునప్పుడు అంత జనములోను ఆ కోడె, పగ్గము తెలిసిన చేతిలో నున్నచో నెమ్మదిగా నడచును. మనుష్యునకును అయినవారి తోడు ధైర్యము.

భయమున్నదని నోరు విప్పి చెప్పుడు. చేయి యెత్తినచో ఆపవలెనని ముందే యడుగుడు. ఖర్చెంతయో, ఎన్నిసార్లు రావలెనో పని మొదలుపెట్టక మునుపే తెలిసికొనుడు. చక్కెర వ్యాధి, గుండె జబ్బు, రక్తము పలుచనగు మందులు, గర్భము ఉన్నచో దాచరాదు. భోజనము చేసి పొండు. ధైర్యమునకై కల్లు త్రాగి పోరాదు.

పిల్లలను "డాక్టరు సూది పొడుచును" అని బెదరింపకుడు. ఆ మాట వారితో పెరిగి ముసలితనము వరకు నిలుచును.

బీడీలు, గుట్కా, జర్దా అలవాటున్నవారికి మరియొక మాట. నోటిలో పుండు రెండు వారములు దాటి మానకున్నను, నోరు తెరచుట కష్టమైనను, జాగు చేయరాదు. అది పంటి సంగతి కాక ప్రాణము సంగతి కావచ్చును.

సహకార సంఘములును పూనుకొనవలెను. నాట్లు ముగిసిన పిదప ఒక దినము నిర్ణయించి, సభ్యులు పదిమంది కలసి పోవచ్చును. సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకు ఒక దినము పోయిన ఒక దినము కూలి పోవును. వారి వంతు ముందుగా వచ్చునట్లు మాట్లాడి పెట్టవచ్చును. ఒక నెల సభకు దంతవైద్యుని పిలిచి, పనిముట్లు చూపింపుమని కోరవచ్చును. క్రొత్త నాగలిని చూపనిదే రైతు నమ్మడని మా యనుభవము. దవాఖానా విషయమును అంతియే.

ఈ నెలలో ఎవరి దవడ యేని సలుపుచున్నచో, వారిని హేళన చేయకుడు, వెంట పొండు.