గిటారు కూతకు కళ్లెం ఇలా..

మాడుగుల: జాతర వేదికపై పాట రక్తి కడుతున్న వేళ ఎలక్ట్రిక్‌ గిటారు కూత పెడితే ముందు వరుసలోని పిల్లలు చెవులు మూసుకుంటారు. ఆర్కెస్ట్రా పేరుకూ దెబ్బే.

స్పీకరు ధ్వని గిటారు తీగలను తిరిగి కంపింపజేస్తుంది. ఆ కంపనాన్ని పికప్‌ గ్రహించి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఈ వలయం సాగేకొద్దీ శబ్దం పెరిగి కూతగా మారుతుంది. దీనినే ఫీడ్‌బ్యాక్‌ అంటారు.

వాద్యకారుడు స్పీకరుకు ఎదురుగా కాక, దూరంగా పక్కకు తిరిగి నిలవాలి. వాయించని తీగలను చేతితో అదిమి ఉంచాలి. గెయిన్‌ తగ్గించాలి. కూసే పౌనఃపున్యాన్ని ఈక్వలైజరుతో తగ్గించాలి. లోపల డొల్లగా ఉండే గిటార్లకు ఈ బెడద ఎక్కువ. రంధ్రాలు మూస్తే కొంత ఉపశమనం.

1964లో బీటిల్స్‌ బృందం ‘ఐ ఫీల్‌ ఫైన్‌’ పాట ఆరంభంలో ఇదే ధ్వనిని కావాలనే వినిపించింది. జనం రాకమునుపే పూర్తి శబ్దంతో వాయించి చూసుకోవడం ఉత్తమం.